బస్టాపులో ఆపిన కారుకు బహిరంగ లేఖ

కారూ,

హైదరాబాద్ మెహదీపట్నంలో బస్సు ఆగాల్సిన చోట నిన్ను ఆపి వెళ్ళారు. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. వెనకాలే వచ్చిన సిటీ బస్సు పక్కకు వచ్చే వీల్లేక నడిరోడ్డు మీదే ఆగింది. కూరగాయల సంచీ పట్టుకున్న ఓ పెద్దావిడ ఫుట్‌పాత్ దిగి, నిన్ను చుట్టుకుని బస్సు దగ్గరికి పరుగు పెట్టింది. రోడ్డు మీంచి ఎక్కాలంటే మొదటి మెట్టు ఆమెకు అందనంత ఎత్తు. ఒకరు సంచీ అందుకుంటే, ఇంకొకరు రెక్క పట్టుకుని పైకి లాగారు. ఈలోగా బస్సుకూ నీకూ మధ్య సందులోంచి ఒక బైకు దూసుకుపోయింది.

నీ మీద పగతో రాయడం లేదు. అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన ఇంటికి, నడవలేని మనిషి ఉన్న ఇంటికి నీ అవసరం ఉంది. ఐదుగురు పట్టే నీలో రోజూ ఒక్కరే కూర్చుని ఆఫీసుకు పోవడం, ఆ ఒక్కరి కోసం ఊరంతా పక్కకు తప్పుకోవాల్సి రావడం, అదీ నా గొడవ. మూడు కార్లు వరసగా నిలబడే జాగాలో ఒక బస్సు పడుతుంది. ఆ మూడింటిలో వెళ్ళేది చాలాసార్లు ముగ్గురే. బస్సులో సీట్లే నలభై దాకా ఉంటాయి, నిలబడేవాళ్ళు వేరే.

నీకు ఈ నగరం తక్కువేం చేయలేదు. ఇదే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు 11 కిలోమీటర్లకు పైగా పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే కట్టి 2009లో తెరిచారు. తర్వాతా ఫ్లైఓవర్లు లేస్తూనే ఉన్నాయి. దారి కాస్త ఖాళీగా కనబడితే చాలు, కారు కొనుక్కోవచ్చనుకునేవాళ్ళు పెరుగుతారు. కొన్నాళ్ళకే ఆ దారీ నిండిపోతుంది.

వేరే దారి లేదా అంటే, ఉంది. 1932లోనే నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన గడ్డ ఇది. 2003 నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు ఉన్నాయి. 2017లో మొదలైన మెట్రో మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లకు పెరిగింది. 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. అయినా మెట్రో మెట్లు దిగి ఇంటికి నడవబోతే, ఫుట్‌పాత్ మీద నువ్వే. పాప చేయి పట్టుకున్న తల్లి వాహనాల మధ్యకు దిగాల్సిందే. అలా బిక్కుబిక్కుమంటూ కొన్నాళ్ళు నడిచాక ఆ ఇంట్లోనూ కారు కొందామనే మాట వస్తుంది. నడిచే దారిని నువ్వే మింగి, నువ్వు తప్ప గతి లేదనిపిస్తావు. నీ మీద నేను మోపే పెద్ద నేరం ఇదే.

"రోడ్డు పన్ను కట్టాం కదా" అంటాడు నీ యజమాని. పన్ను కడితే బస్టాపు సొంతమైపోదు. బస్టాపులోనూ ఫుట్‌పాత్ మీదా బండి నిలపకూడదని చట్టమే చెబుతోంది. రోడ్డు పక్కన నిలుపుకునే జాగాకు న్యాయమైన అద్దె కట్టాలి. రద్దీ వేళల్లో ఒక వరస బస్సుకే వదలాలి, దానికి కాపలా కూడా ఉండాలి. విజయవాడలో బస్సుల కోసమని బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు, చివరికి అందులో అన్ని బళ్ళూ తిరిగాయి. ఆ తప్పు మళ్ళీ జరగకూడదు.

ఆ ఒక్క వరస వదిలి చూడు. నీలో ఒంటరిగా కూర్చుని విసుక్కునే మనిషే, ఆగకుండా సాగిపోయే బస్సును చూసి రేపు అందులో ఎక్కుతాడు. ఆయన కోసం కూడా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
ఒక సిటీ బస్సు ప్రయాణికుడు