ఇట్లు, భక్తబృందం

గులాబీ రంగు పల్చటి కాగితం. పైన నడిమధ్య ఓంకారం, అటొకటి ఇటొకటి పాము పడగలు. ఫలానా గుళ్ళోకి ఓ రోజు పెద్ద పాము వచ్చింది. పూజారి హడలిపోతే, భయపడకు నాయనా, కలియుగంలో ధర్మం నిలబెట్టటానికి వచ్చానని మనిషి గొంతుతో చెప్పి మాయమైంది. ఈ సంగతి వెయ్యి కాపీలు అచ్చేయించి పంచినవాడికి లాటరీ తగిలింది. చదివి చింపేసినవాడు నెత్తురు కక్కుకున్నాడు. రేపు వేయిద్దాంలే అని బద్ధకించినవాడి ఉద్యోగం ఊడింది. కింద, ‘ఇట్లు, భక్తబృందం’. బెజవాడ బస్టాండులోనో, గుడివాడ రైలు పెట్టెలోనో ఈ కాగితం చేతికి తగలని డెల్టా మనిషి ఉండడు.

ఏ ఊరి గుడో ఉండదు. ఆ పూజారి ఎవరో ఉండదు. రాసిన మహానుభావుడి పేరు అసలే ఉండదు. ఉండేవి రెండే: బేరం, బెదిరింపు. ఆ కాగితం మొత్తానికి నిజమైన వాక్యం ఒక్కటే, అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు. అదైనా భక్తికొద్దీ వేసింది కాదు. అచ్చయిన ప్రతి కాగితం మీదా అచ్చేసినవాడి పేరూ ఊరూ ఉండాలని 1867లో తెల్లదొర చట్టం చేశాడు కాబట్టి వేసింది. ఆ ప్రెస్సువాడిని మాత్రం నేను తప్పు పట్టను. దసరాకి అమ్మవారి కరపత్రం, డిసెంబరులో సువార్త సభల కరపత్రం, ఉరుసుకి దర్గా కరపత్రం, అన్నీ ఒకే ట్రెడిల్ మీద, ఒకే రేటుకి వేశాడు. ఈ ఊళ్ళో సర్వమత సమానత్వాన్ని అడ్వాన్సు తీసుకుని మరీ ఆచరించినవాడు అతనొక్కడే.

ఇప్పుడా పాము ఫోన్లోకి దూరింది. దేవుడి కబుర్లు తేవటం మానేసి పక్కింటి మతంవాడి కబుర్లు తెస్తోంది. ప్రెస్సు పేరుతో కూడా పని లేకుండా పోయింది.

అయ్యా భక్తబృందం గారూ, తమరీ విద్యని కనిపెట్టామని మురిసిపోతున్నారేమో, దాదాపు నాలుగు శతాబ్దాలు ఆలస్యమైంది. 1641 అక్టోబరు 23న ఐర్లండులో కేథలిక్కులు తిరగబడ్డారు. వాళ్ళ భూముల్లోకి ఇంగ్లండు నుంచీ స్కాట్లండు నుంచీ ప్రొటెస్టెంట్లని తెచ్చి దించారని కోపం. వీళ్ళు వాళ్ళని చంపారు, తర్వాత వాళ్ళు వీళ్ళని చంపారు. ఆ చావులు అబద్ధం కాదు. కానీ జరిగిన చావులతో లండన్ బజారుకి తనివి తీరలేదు. డబ్లిన్ నుంచి ఓ పెద్దమనిషి రాసిన ఉత్తరమట, అంటూ రోజుకో కరపత్రం. పెద్దమనిషికి పేరుండదు, ఊళ్ళకి లెక్కుండదు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళనీ చంటిపిల్లలనీ ఏం చేశారో మాత్రం పూసగుచ్చినట్టు ఉంటుంది.

1642 జనవరిలో ఓ లండన్ ప్రింటరు పార్లమెంటు విచారణలో నిజం కక్కాడు. ఐర్లండు వార్తలని తను అమ్మింది కేంబ్రిడ్జిలో చదివిన కుర్రాళ్ళు కూర్చుని అల్లిన కథ. కూలి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. సముద్రం దాటే శ్రమ కూడా పడలేదు వాళ్ళు. చదువుకున్న కుర్రాడు, అద్దె గది, పోస్టుకింత అని లెక్క. మనం నిన్నగాక మొన్న సృష్టించామనుకుంటున్న ఉద్యోగం ఇదే.

తర్వాత 1646లో సర్ జాన్ టెంపుల్ అనే డబ్లిన్ అధికారి పెద్ద పుస్తకమే వేశాడు. రెండేళ్ళలో 3 లక్షల మంది ప్రొటెస్టెంట్లు నాశనమయ్యారన్నాడు. ఐర్లండంతా గాలించినా అంతమంది ప్రొటెస్టెంట్లు దొరకరు. ఈనాటి చరిత్రకారులు ఆ హతుల లెక్కని వేలల్లోకి దించారు. పేరు వేసుకున్నందుకు టెంపుల్ దొరని మెచ్చుకోవాలి గానీ, పుట్టనివాళ్ళని కూడా చంపించిన ఘనత ఆయనదే. ఆ పుస్తకం మళ్ళీ మళ్ళీ అచ్చయింది. 1662 నుంచీ ఏటా అక్టోబరు 23న చర్చిలో ప్రసంగం పెట్టి గుర్తుచేయాలని చట్టమే తెచ్చారు. కోపం చల్లారిపోతే ఎలా మరి?

ఇంత కష్టం దేనికి పడ్డారంటే, దేవుడి కోసమనుకునేరు. తిరుగుబాటు మొదలై ఆరు నెలలు కాలేదు, అణిచిందీ లేదు, 1642 మార్చిలోనే లండన్ పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. సైన్యానికి డబ్బు అప్పిచ్చినవాళ్ళకి, తిరుగుబాటుదారుల దగ్గర లాక్కోబోయే 25 లక్షల ఎకరాలు పంచి పెడతారు. లాక్కోబోయే, గమనించండి. ఇంకా చేతికి రాని భూమి. డెల్టాలో దీన్ని ప్రీ-లాంచ్ ఆఫర్ అంటారు. ముందు నెత్తుటి కరపత్రం, వెనకే ప్లాట్ల బ్రోచరు.

అదే శతాబ్దంలో మన కథ ఇంకెంత పవిత్రంగా నడిచిందో చూద్దాం. బెజవాడ ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. గుహలు అన్నదమ్ములకన్నా వెయ్యేళ్ళు పాతవి, పేరు మాత్రం వాళ్ళకి దక్కింది. గోల్కొండ తానీషా కొలువులో మాదన్న మంత్రి, అక్కన్న సేనానాయకుడు. డెల్టా మొత్తం ఆ కొలువు కిందే ఉండేది. రాజ్యాన్ని కాఫిర్ల చేతిలో పెట్టాడని తానీషా మీద ఔరంగజేబు నింద. సరే, 1686లో గోల్కొండలోనే కొందరు అన్నదమ్ములిద్దరినీ నడివీధిలో నరికి, మాదన్న తల మొగలాయి శిబిరానికి పంపారు. అభ్యంతరం తీరింది కదా, పాదుషా గారు ఇంటికి వెళ్ళిపోవాలి కదా? మరుసటి ఏడాది వచ్చి ఎనిమిది నెలలు కోట చుట్టూ కూర్చుని, 1687 సెప్టెంబరులో గోల్కొండని మింగి, వజ్రాల గనులు లెక్క పెట్టుకున్నాడు. మాదన్న బ్రాహ్మణ్యం కంటే తానీషా ఖజానా బరువు.

ఇక ఇక్కడ డబ్లిన్‌కీ మనకీ ఓ అడ్డదారి ఉంది. గుడివాడ దగ్గర అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1914లో న్యాయశాస్త్రం చదవటానికి పోయిపోయి డబ్లిన్‌కే వెళ్ళాడు. టెంపుల్ దొర కొలువు చేసిన ఊరు. ఆనాటి సాక్షుల వాంగ్మూలాలు కట్టలుకట్టలుగా దాచిన ఊరు. పేరు లేకుండా పుకారు ఎలా అచ్చేయాలో నేర్చుకోదలిస్తే అంతకంటే మంచి బడి లేదు. ఈయన ఆ ముక్క వదిలేసి, ఉత్త లా చదువుకుని వచ్చాడు.

వచ్చి ఏం చేశాడు? పురాణాలతో నేరుగా తగాదా పెట్టుకున్నాడు. 1920లో శంబుకవధ, తర్వాత సూతపురాణం. అన్నిటి మీదా తన పేరే. పెళ్ళిమంత్రాలు తెలుగులో రాసి, తనే పెళ్ళిళ్ళు జరిపించాడు. తెనాలి మునిసిపాలిటీకి ఛైర్మనయ్యాక గంగానమ్మకిచ్చే దున్నపోతు బలి ఆపించాడు. ఓట్లడిగే మనిషి చేసే పనేనా అది! ఇంటికి సూతాశ్రమమని పేరు పెట్టుకున్నాడు. అంటే తిట్టదలచుకున్నవాడు తెనాలిలో రైలు దిగి ఫలానా ఇల్లెక్కడని అడిగితే చాలు, రిక్షావాడు గుమ్మంలో దింపుతాడు. ఆయన వాదంలో నాకు నచ్చని ముక్కలు చాలానే ఉన్నాయి, ఆర్యులంటూ ద్రావిడులంటూ గీసిన గీత మరీ తిన్నగా ఉంది. కానీ ఆ ముక్కలు ఫలానావాడివని చూపించి కాదనే వీలు ఆయనే ఇచ్చాడు. ‘ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్’ గారిని ఏ గుమ్మంలో నిలదీయను?

ఆ తర్వాతి తరమూ అంతే. బెజవాడలో విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం నాటితే, 1974లో రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం మొదటి సంపుటి తెచ్చింది. ఒకటి జ్ఞానపీఠానికెక్కింది, ఒకటి తిట్లకెక్కింది. రెండు చెట్లకీ నాటినవాళ్ళ పేర్లున్నాయి. ఏలూరు రోడ్డు కొట్లలో రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి, ఒకదాని మీద ఒకటి కొమ్మ విరిచి పడలేదు.

గోరా గారి సంగతైతే చెప్పనక్కర్లేదు. దేవుడు లేడని రాసినందుకు 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరి అదీ పోగొట్టుకున్నాడు. ఒకసారి ఊడితే మనబోటివాడు పేరు మార్చి రాస్తాడు. ఆయన 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకి తెచ్చి బోర్డు కట్టాడు. 1972 ఆగస్టు 15న ఆవు మాంసం, పంది మాంసం కలిపి స్నేహ విందు అని ముందుగా చాటి మరీ పెట్టాడు. ఇద్దరికీ సరిసమానంగా ఒళ్ళు మండే వంటకం. ఆ వంట నాకూ రుచించదు. ఎవరు వండారో, ఎక్కడ వండారో, ఏ తేదీన వండారో మాత్రం ఊరందరికీ తెలుసు.

ఇప్పటి యుద్ధానికి ఆ తేదీలే గిట్టవు. అసలు ఏం జరిగిందో తేదీలు వేసి చూస్తే మతం కింద నుంచి గజాలు బయటపడతాయి కాబట్టి. 2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకి రోడ్లు వెడల్పు చేయాలని బెజవాడలో పదుల సంఖ్యలో గుళ్ళు కూలగొట్టారు. పుణ్యస్నానానికి వచ్చే భక్తులకి దారి ఇవ్వటానికి దేవుళ్ళని లేపేశారు. కొట్టించింది ఔరంగజేబు కాదండీ. తెలుగుదేశం, బీజేపీ కలిసి ఏలుతున్న రోజులు, దేవాదాయ శాఖ బీజేపీ మంత్రి చేతిలో ఉంది. వీధిలోకొచ్చి అరిచినవాళ్ళలోనూ బీజేపీవాళ్ళున్నారు. 2021 జనవరి 8న అందులో తొమ్మిది గుళ్ళకి మళ్ళీ శంకుస్థాపన చేసింది ఎవరయ్యా అంటే, ఏ ముఖ్యమంత్రి మతాన్ని ప్రతిపక్షం మైకుల్లో రోజూ జపించిందో ఆ జగన్మోహన్ రెడ్డి గారే. కొట్టినవాళ్ళు ధర్మరక్షకులు, కట్టినాయన ధర్మద్రోహి. ఈ లెక్క తేల్చటానికి టెంపుల్ దొర దిగి రావాలి. 2024 సెప్టెంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఇంద్రకీలాద్రి మెట్లు కడిగారు. లడ్డూ నెయ్యిలో కల్తీ అన్న గొడవ తిరుమలది, కడుగుడు బెజవాడ మెట్లకి.

కాలవ గట్టు మీద రాత్రికి రాత్రి లేచే దేవుడి సంగతి చూడండి. ఏ మతమైనా పద్ధతి ఒకటే. మొదట ఓ రాయి, లేదా ఓ సిలువ, లేదా ఓ ఆకుపచ్చ జెండా. వారానికి రేకు, నెలకి కరెంటు మీటరు, ఏడాదికి పక్కన రెండు షాపులు, వాటి అద్దె కమిటీకి. ఇరిగేషన్ లస్కరు వచ్చి ఇది కాలవ స్థలం కదండీ అన్న రోజున మా మతానికి ముప్పొచ్చిందని కరపత్రం లేస్తుంది. అందులో షాపుల మాట ఉండదు.

పై గాలికి ఇంత దుమారం రేగుతోంది కదా, కింద జనం ఏం చేస్తున్నారు? ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండెక్కి చూడండి. 1924లో ఇటలీ ఫాదరీ ప్రతిష్ఠించిన మేరీమాతకి కొబ్బరికాయ కొడతారు, తలనీలాలిస్తారు, పిల్లాడికి గుండు చేయించి పసుపు రాస్తారు. దసరాకి దుర్గమ్మ దగ్గరా అదే గుండు. గుండు చూసి ఏ కొండ మీద గీయించుకున్నాడో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఈ జనాన్ని విడదీయాలంటే కరపత్రం రాసేవాడు ఎంత చెమటోడ్చాలో కదా, పాపం.

చెమటోడుస్తూనే ఉన్నాడు. మన అపార్టుమెంటు గ్రూపులో పొద్దున్న ఆరింటికి దిగుతుంది: ‘మన ఊళ్ళోనే, మన గుళ్ళోనే ఘోరం. మీడియా చూపించదు. మీలో పౌరుషం ఉంటే పది గ్రూపులకి పంపండి.’ చేతులు జోడించిన బొమ్మలు ఓ పాతిక. మూడో అంతస్తు రిటైర్డు మాస్టారు అడుగుతారు, ‘ఏ పేట బాబూ? ఏ గుడి?’ జవాబు రాదు. ‘పోనీ ఎవరు పంపారు నాయనా నీకు?’ అప్పుడు మాత్రం అడ్మిన్ గారికి మెలకువ వస్తుంది: ‘మాస్టారూ, దయచేసి గ్రూపులో రాజకీయాలు వద్దు. మోటారు కాలిపోయింది, ఇవాళ నీళ్ళు రావు. ఫ్లాటుకి రెండొందలు వెంటనే పంపగలరు. ఇట్లు, అసోసియేషన్.’