ధైర్యం చెప్పినాయన

2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. మొదటిది అధికమాసం, ముహూర్తాలుండవు. అందువల్ల మా బావమరిది కర్రీ పాయింట్ పెట్టాలా వద్దా అన్నది తేల్చడానికి ఇంటిల్లిపాదికీ పంచాంగం ఓ నెల గడువిచ్చింది.

అప్పటికి వాడికి నలభై రెండేళ్లు. కూకట్‌పల్లిలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు రాసేవాడు. జీతం 38 వేలు. కరోనాకు ముందెంతో అప్పుడూ దాదాపు అంతే. "నెలంతా ఇంకొకడి గల్లా లెక్కపెట్టి ఒకటో తారీఖున చెయ్యి చాపడమేనా బావా బతుకంతా?" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నేనూ ఒకటో తారీఖు మనిషినే.

కర్రీ పాయింట్ ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, తెలివైన వ్యాపారం. అన్నం వాళ్లింట్లో కుక్కర్లో ఉడుకుతుంది, కూర మాత్రం మన దగ్గర కొనుక్కుంటారు. బల్లలక్కర్లేదు, మంచినీళ్ల గ్లాసులక్కర్లేదు, ఎంగిలాకులు తీసే మనిషి అక్కర్లేదు. పది బై పది మడిగె ఉంటే చాలు. కవర్లో కూర పోసి, ముడేసి చేతికిస్తే బేరం అయిపోయినట్టే. అన్నిటికన్నా గొప్ప సంగతి, అరువు లేదు. కొనేవాడు నిలబడ్డచోటే స్కాన్ చేసి పోతాడు. కిరాణావాడూ కూరగాయలవాడూ మాత్రం నాలుగు బేరాలయ్యాక వారానికోసారి పద్దు తీర్చినా ఊరుకుంటారు. అంటే వారంపాటు పరాయి సొమ్ముతో వంట. వీడు ఈ కిటుకు చెప్పినప్పుడు మనసులో మెచ్చుకున్నాను కూడా.

దుకాణానికి పేరు అప్పటికే ఖాయమైపోయింది. వాళ్లమ్మ పేరు. మా అత్తగారు పోయాక ఆ ఇంట్లో గోంగూర పప్పు ఎవరు వండినా "అమ్మ చేసినట్టు లేదు" అనే మాట ఆగలేదు. ఆ రుచి తన చేతికొచ్చిందని వాడి నమ్మకం. తిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, నిజంగానే వచ్చింది. చిక్కంతా అక్కడే. వంట రానివాడైతే ఒక్కమాటతో ఆపేద్దుం.

మామగారు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఆయన సలహా టికెట్టంత పొట్టిది. "సంస్థ ఎన్ని కోట్ల నష్టాల్లో ఉన్నా నా జీతం నాకొచ్చిందిరా. టికెట్టు కొట్టేవాడికి బస్సు నష్టంతో పనేంటి? నువ్విప్పుడు బస్సే కొంటానంటున్నావు."

బ్యాంకులో మాత్రం మర్యాదగానే మాట్లాడారట. ముద్ర రుణానికి హామీగా ఏదీ తాకట్టు పెట్టక్కర్లేదు. యాభై వేల లోపు అయితే శిశు, అది దాటి 5 లక్షల దాకా కిశోర్, ఆపైన 10 లక్షల దాకా తరుణ్. మావాడు అడిగింది 5 లక్షలు. "నలభై రెండేళ్లకు నన్ను కిశోర్‌ని చేశారు బావా" అని మురిసిపోయాడు.

లెక్క కాగితమూ వేసుకొచ్చాడు. రోజుకు 200 ప్యాకెట్లు, ప్యాకెట్ 40 రూపాయలు, నెలకు 2,40,000. సరుకులు లక్ష, అద్దె 25 వేలు, వంటమాస్టరుకు 28 వేలు, గ్యాసూ కరెంటూ కవర్లూ కలిపి 17 వేలు. మిగిలేది 70 వేలు. కింద రెండు గీతలు.

నేను పెన్ను తీశాను.

"కూరగాయలు తరిగేదెవరు?"

"మీ చెల్లెలుంది కదా."

వంటింట్లోంచి గొంతు వినిపించింది: "ఆ చెల్లెలికి జీతమెంత రాశారో చూడండన్నయ్యా."

12 వేలు రాశాను. తర్వాత, రాత్రి తొమ్మిదిన్నరకు మిగిలిన కూరల సంగతి. బట్టల కొట్లో చీర మిగిలితే వచ్చే దసరాకి అమ్ముకోవచ్చు, వంకాయ కూరకు మర్నాడన్నది లేదు. అయిదింట ఒక ప్యాకెట్ పారబోతకే అనుకున్నా నెలకు 48 వేలు పోతాయి. మిగిలేది 10 వేలు. బ్యాంకు వడ్డీ పదకొండు శాతమే అనుకున్నా, 5 లక్షలు అయిదేళ్లలో తీర్చాలంటే వాయిదా నెలకు 10,870. అంటే మావాడు తెల్లారి నాలుగింటికి లేచి, నెలంతా పొగలో నిలబడి, చివర్లో 870 రూపాయలు ఎదురు కట్టాలి. ఆ 38 వేల జీతం పోవడం ఇందులో చేరలేదు.

"నువ్వు అన్నీ చెడే చూస్తావు బావా. చిన్నవాళ్లకు గవర్నమెంటు కూడా దారిచ్చింది. ఫుడ్ సేఫ్టీ వాళ్లది ఏడాదికి వంద రూపాయల రిజిస్ట్రేషన్, అంతే."

"అది ఏడాది టర్నోవరు 12 లక్షలు దాటనివాడికి. నీ కాగితంలో 28 లక్షల 80 వేలుంది. లైసెన్సు కావాలి, 20 లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ కూడా. కాగితం నిజమైతే వందతో పోదు. వందతో పోయిందంటే కాగితం అబద్ధం."

గెలిచాననే అనుకున్నాను. పైగా అప్పటికే టమాటా మదనపల్లె మార్కెట్లోనే కిలో వంద దాటేసింది. టమాటా పప్పు ప్యాకెట్ నలభై నుంచి డెబ్బై చేస్తే కొనేవాడు పక్క పాయింటుకు పోతాడు. చెయ్యకపోతే అసలుకే ఎసరు. పేపరు తీసి వాడి ముందు పెట్టాను. వాడు పేపరు మడిచి, "టమాటా దిగుతుంది, నా వయసు దిగదు" అన్నాడు. ఇంక మనం మాట్లాడేదేముంది?

నిజశ్రావణం వచ్చింది. బేగంబజారులో కొత్త గుండిగల ధరలు విని తెల్లమొహాలేసుకుని బయటికొచ్చాం. ఎవరో మూసాపేట వైపు ఒక గోడౌను ఉందని చెప్పారు. హోటల్ సామాను, అంతా పాతదే, రేటు సగానికి సగం.

వెళ్లి చూస్తే అదో సంత. గుండిగలు ఒకదాంట్లో ఒకటి కూర్చుని ఉన్నాయి. జంట బర్నర్లు, స్టీలు కౌంటర్లు, మూత ఊడిన డీప్ ఫ్రీజరు. ఓ వెట్ గ్రైండరు మీద ఆయుధపూజకు పెట్టిన గంధం బొట్టు, దాని మధ్యలో కుంకుమ ఇంకా చెరగలేదు. గుండిగల అంచుల కింద గరుకు కాగితంతో బాగా రుద్దినట్టు తెల్లటి పట్టీలు. మరకలు వదిలించారేమో అనుకున్నాను.

యజమాని గోదావరి జిల్లా పెద్దాయన. స్టూలు తుడిచి కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. సంగతంతా విని మావాడి భుజం తట్టాడు.

"ఆయ్, దిగిపోండి బాబూ! కూర తినని కొంపుందేటండీ? మీ వయసులో దిగపోతే ఇంకెప్పుడు దిగుతారండీ?"

అంతటితో ఆగలేదు. కార్తీకంలో కోడికూర తగ్గించమన్నాడు. అయ్యప్ప దీక్షలు నడిచినన్నాళ్లూ ఉల్లీ వెల్లుల్లీ లేని కూరలు రెండు వేరే గిన్నెల్లో పెట్టమన్నాడు. మొదటి నెల జనం కోసం రేటు తగ్గిస్తే రెండో నెల పెంచలేరన్నాడు. మడిగె అడ్వాన్సు తిరిగిచ్చే సంగతి కాగితం మీద రాయించుకోమన్నాడు. ఇన్ని మెళకువలు బ్యాంకువాళ్లూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాకూ కొంచెం సిగ్గేసింది. ఇంట్లో ఇంతమందిమి ఉండి పిల్లవాడికి పిరికిమందు పోశామే, ముక్కూమొహం తెలియని మనిషి ఇంత ధైర్యం చెబుతున్నాడే అనిపించింది.

"చూశావా బావా, ఈయనొక్కడే" అని నా చెవిలో అన్నాడు మావాడు. కళ్లు చెమర్చాయి.

నాలుగు గుండిగలు, బర్నరు, కౌంటరు, ఆ బొట్టున్న గ్రైండరు బేరం కుదిరాయి. పెద్దాయన అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తీసి, మావాడి ఫోన్ నంబరు, మడిగె అడ్రసు రాసుకున్నాడు. "ఓపెనింగెప్పుడండీ?" అనడిగి శ్రావణ శుక్రవారం తేదీ కూడా రాసుకుని, కింద గీత గీశాడు. ఓపెనింగుకు వస్తాడు కాబోలు అనుకున్నాం. తప్పకుండా రమ్మని మావాడు రెండు చేతులూ పట్టుకుని పిలిచాడు కూడా.

ఆటోట్రాలీలోకి సామాను ఎక్కుతుండగా మావాడికి గుర్తొచ్చింది. "పెద్దాయనా, ఇంకో చిన్న పని. నాలుగు గుండిగల మీదా మా అమ్మ పేరు కొట్టించి ఇవ్వండి. ఎంతవుతుందో అదీ ఇస్తాను."

పెద్దాయన మొహం చిన్నబోయింది. ఒక గుండిగ దగ్గరికొచ్చి ఆ తెల్లటి పట్టీ మీద వేలితో రుద్దాడు.

"పేరెందుకు బాబూ... తిరిగొచ్చాక మళ్లీ గీకించాలండి. గీకేకొద్దీ గిన్నె పలచబడిపోద్ది. మీకే రేటు తగ్గించాల్సొస్తాదండి."