చేబదులు బావ

డబ్బు చేబదులడిగేవాణ్ణి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చెయ్యినే అడిగేవాడితోనే చిక్కు. ఆఫీసయ్యాక గచ్చిబౌలి వైపు జుజుత్సు నేర్చుకోవడానికి వెళ్లే ప్రతి బృందంలోనూ ఇలాంటి బావ ఒకడు తయారవుతాడు. పెళ్లి భోజనాల్లో మీ పక్క కుర్చీ అతనిదే. "బావా, ఆ కుడిచెయ్యి ఒక్కసారి ఇయ్యి" అంటాడు. ఇచ్చారా, ఇక తిన్నట్టే.

పట్టు ఒక్కటే. ఒక చేత్తో మీ మణికట్టు పట్టుకుంటాడు. రెండో చేతిని మీ దండచేతి మీదుగా దూర్చి తన మణికట్టునే తాను పట్టుకుంటాడు. మీ మోచెయ్యి మడిచి, అరచేతిని వీపు వెనక నుంచి తల వైపు నెడతాడు. భుజం కొంతవరకు తిరిగి ఆగిపోతుంది, అతను ఆగడు. ఇంతవరకు ఏ దేశంవాడికీ పేచీ లేదు. ఒకే భుజాన్ని రకరకాల సంప్రదాయాల్లో నొప్పించి చూపించడమే బావ సరదా.

ముందు జూడో. ఆ పోటీల్లో మోచేతి కీలుకు తప్ప మరే కీలుకూ పట్టు వెయ్యకూడదు. ఇది పీకేది భుజాన్నే అయినా, రూల్సు పుస్తకం మోచేతి ఖాతాలోనే రాసుకుంటుంది. పైగా నేల మీద పట్టు ముందుకు సాగకపోతే రిఫరీ లేపి నిలబెడతాడు. అందుకని జూడో బావకు తొందరెక్కువ. మీరు "అబ్బా" అనేలోపు అయిపోతుంది.

బ్రెజిల్‌కి వచ్చేసరికి గొంతు మెత్తబడుతుంది. 1951 అక్టోబరు 23, రియోలోని మరకానా. జపాన్ జూడో వీరుడు మసాహికో కిమురా ఇదే పట్టుతో ఎలియో గ్రేసీ చెయ్యి విరిచాడు. గ్రేసీ లొంగలేదు, అతని వాళ్లే టవల్ విసిరారు. తర్వాత బ్రెజిల్ వాళ్లు ఆ పట్టుకు గెలిచినవాడి పేరే పెట్టుకున్నారు. ఇక్కడ బావ కళ్లు చెమరుస్తాయి. మీ చెయ్యి మాత్రం ఇంకా అతని దగ్గరే ఉంది. ఈ పద్ధతిలో తొందర లేదు మరి. వెల్లకిలా పడుకుని కూడా వెయ్యొచ్చు. చెయ్యి కాపాడుకుందామని మీరు ఒళ్లు తిప్పితే వీపు దొరుకుతుంది, వీపు కాపాడుకుంటే చెయ్యి దొరుకుతుంది. బగారా అన్నం నుంచి పెరుగన్నం దాకా సాగదీయొచ్చు. ఎడమచేత్తో తింటే పెద్దలు చూస్తారు.

క్యాచ్ రెజ్లింగ్ బావది వేరే స్వభావం. ఇంగ్లండ్‌లోని విగన్‌లో బిల్లీ రైలీ జిమ్ము తరహా అది. అక్కడ వీపు నేలకు ఆనినా ఓటమే కనక పడుకునే ముచ్చట లేదు. మీద పడి, బరువంతా మోపి, మీ మోచేతిని తన ఛాతీకి అదుముకుని తిప్పడమే. ఆ జిమ్ములో తేలిన బిల్లీ రాబిన్సన్ తర్వాత జపాన్‌లో నేర్పాడు. అతని దగ్గర నేర్చుకున్న సకురాబా 2000లో రెంజో గ్రేసీ చేతి కీలును ఇదే పట్టుతో తప్పించాడు. రెంజో, ఎలియో అన్నకు మనవడు. ఆ కుటుంబానికి ఈ పట్టు బాకీ ఉన్నట్టుంది.

ఇంతలో టీవీ కుస్తీలు చూసే ఓ పిల్లాడు "ఇది బ్రాక్ లెస్నర్ లాక్!" అని అరుస్తాడు. బావకు అంతకన్నా పరాభవం లేదు.

బావకు అడ్డుపడగలిగేది ఒక్క పెదమామే. ఒకప్పుడు పాతబస్తీ తాలింఖానాలో మట్టి పూసుకున్న మనిషి. కుస్తీలో భుజాలు నేలకు ఆనిస్తే చాలు. "ఇరగ్గొట్టుడు దేనికి అల్లుడా? ఎల్లకిల పడేస్తే అయిపాయె గద."

"అట్ల కాదు మామా, మీ చెయ్యి ఒక్కసారి ఇయ్యిండ్రి."

పెదమామ చెయ్యి ఇస్తాడు. ఇచ్చేముందు పంచె మొలకట్టును గుప్పిట్లో బిగిస్తాడు, అంతే. ఈ పట్టుకు అన్ని దేశాల్లోనూ ఉన్న విరుగుడు అదే. బావ మొదట జూడో లాగుడు లాగుతాడు. తర్వాత బ్రెజిల్ ఓపిక పడతాడు. విగన్ బరువు మోపుతాడు. చెమట పడుతుంది. చెయ్యి రాదు, పంచె మాత్రం వచ్చేట్టుంది.

"జల్ది కానియ్ అల్లుడా," అంటాడు పెదమామ, రెండో చేత్తో కిళ్లీ అందుకుంటూ, "బండ్లు కదులుతున్నయి."