త్రిదీప మహాప్రభువుల ప్రశస్తి

శ్రీమన్మహా ధవళాంగా, కృశమధ్యమా, దీపవలయాలంకృత ముఖారవిందా, ఆట మొదలుకాకమునుపే ఆటగాడి ఓర్పును గీటురాయి మీద గీసి చూచు గురుస్వరూపా, ఎక్స్‌బాక్స్ 360 నామధేయ విఖ్యాత వీడియోగేమ్ యంత్రమా, జయము జయము! తమ అవతరణం 2005 నవంబరు 22న అమెరికా దేశాన జరిగింది. పోటీలో ఉన్న సోనీ వారు ప్లేస్టేషన్ 3ను విడుదల చేయడానికి మరో ఏడాది తాత్సారం చేశారు. తమ జన్మదాతలైన మైక్రోసాఫ్ట్ వారిలో అటువంటి పామర సంకోచం మచ్చుకైనా కనబడలేదు. పరీక్షించి పంపడం అల్పుల అలవాటు. ముందు పంపి, ఆ పరీక్షను కొన్నవారి ముందుగదికి అప్పగించి, దానికయ్యే కరెంటు ఖర్చును కూడా వారికే ధారపోసే అవకాశం కల్పించడం మహోదారులకే చెల్లుతుంది.

తమ ముఖాన వెలిగే ఆ వలయాన్ని వర్ణించడానికి వేయి నాలుకల ఆదిశేషుడే దిగిరావాలి. అందులో భాగాలు నాలుగు. ఒంట్లో బాగున్నప్పుడు పచ్చని కాంతి. ఒక భాగం ఎర్రబడితే ఏదో ఒక అంగం చెడిందని, రెండు ఎర్రబడితే ఒళ్లు కాలిపోతోందని తెలుసుకోవాలి. నాలుగూ ఒక్కసారి ఎర్రగా వెలిగాయంటే భక్తుడి గుండె ఆగినంత పనవుతుంది గాని, అది ఏమంత విశేషం కాదు, టీవీకి వెళ్లే తీగ సరిగా గుచ్చలేదని అర్థం. మూడు వెలిగితే మాత్రం సర్వం సమాప్తం. మూడు కన్నా నాలుగు పెద్దదని, పెద్ద అంకెకు పెద్ద భయమని నమ్ముతూ వచ్చిన అమాయక లోకానికి ఇంతటి గణిత సంస్కారం ప్రసాదించిన యంత్రం వేరొకటి పుట్టలేదు.

ఆ మూడు దీపాలకు తమ ఆస్థానం వారు అనుగ్రహించిన భాష్యం ‘జనరల్ హార్డ్‌వేర్ ఫెయిల్యూర్’. దీపానికొక మాట చొప్పున మూడే మాటలు! సూత్రకారులు సైతం తలవంచవలసిన పొదుపు. ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎవరిని అడగాలి అనే వాచాలత్వానికి అందులో చోటు లేదు. మరింత తెలుసుకోవాలన్న దురాశ ఉన్నవారికి ఒక గుప్తవిద్య ఉండనే ఉంది. వైర్‌లెస్ కంట్రోలర్‌ను జతచేసే చిన్న బటన్‌ను ఒక వేలితో అదిమిపట్టి, డిస్కు పళ్లెం తెరిచే బటన్‌ను మరో వేలితో మళ్లీ మళ్లీ నొక్కుతుంటే ఆ దీపాలే ఒక్కో అంకె చొప్పున రహస్య సంఖ్యను సైగ చేస్తాయి. కొన్న సరుకుకు ఏం జబ్బు చేసిందో తెలుసుకోవడానికి ఉపాసన అవసరమని ఇంత మృదువుగా బోధించిన వ్యాపార సంస్థ కలియుగంలో మరొకటి ఉంటుందా?

ఇక అభయప్రదానం మాట. మొదట తమకు అమెరికాలో ఇచ్చిన వారంటీ 90 రోజులు. తామరాకు మీది నీటిబొట్టు వంటి యంత్రజీవితానికి అంతకుమించి హామీ ఇవ్వడం అహంకారమవుతుందని తమ వారికి తోచి ఉండాలి. లోకం గగ్గోలు పెట్టిన మీదట, 2006 డిసెంబరులో దాన్ని ఏడాది చేశారు. ఇంత జరుగుతున్నా ఆస్థాన విద్వాంసుల ముఖాన చిరునవ్వు చెదరలేదు. వెనక్కి వస్తున్న పెట్టెలు నూటికి మూడు నుంచి అయిదు, ఇలాంటి సరుకులకు అది మామూలేనని వారు సెలవిచ్చారు. ఇంటికి రెండో పెట్టె, మూడో పెట్టె వచ్చి చేరుతున్నవారు తమ కళ్లను తామే శంకించుకుని, ఏలినవారి లెక్కకే దండం పెట్టారు.

2007 జులై 5న కరుణాసముద్రం పొంగింది. మూడు ఎర్రదీపాల వ్యాధికి మాత్రం వారంటీని మూడేళ్లకు పొడిగించి, అందుకోసం ఖాతాల్లో 105 కోట్ల నుంచి 115 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. ఎన్ని పెట్టెలు చెడితే అంత సొమ్ము అవసరమైందో మాత్రం బయటపెట్టలేదు. దానం గుప్తంగా చేయాలన్న ఆర్యధర్మం తెలిసినవారు గనుక, తాము ఎంతమందికి ఎంత కష్టం ప్రసాదించిందీ చాటుకోవడం వారికి రుచించలేదు. ‘మాత్రం’ అన్న ముక్కలోని సౌందర్యాన్ని కూడా రసజ్ఞులు ఆస్వాదించాలి. తిరుగుతున్న డిస్కు మీద తమ గర్భకుహరంలో గీరలు పడి, కంపాసుతో గీసినంత నిర్దుష్టమైన వృత్తాలు చెక్కబడిన సందర్భాలు లేకపోలేదు. ఆ శిల్పకళ ఈ వరం పరిధిలోకి రాదు. కళకు వెల కట్టకూడదు కదా!

బాగుచేయించుకునే యాత్రావిధానం కాశీయాత్రకు ఏమాత్రం తీసిపోయేది కాదు. మొదట ఫోను. యంత్రం వెనుక ముద్రించిన సీరియల్ నంబరు చదవాల్సి వచ్చేది. అది విన్న పిమ్మట అవతలి స్వరం, తీగలన్నీ విప్పి మళ్లీ పెట్టారా అని పరమ వాత్సల్యంతో అడిగేది. పెట్టామన్నా, మరోసారి పెట్టమనేది. ఆ పరీక్ష గట్టెక్కిన పుణ్యాత్ముడి ఇంటికి కొరియర్‌లో ఖాళీ అట్టపెట్టె విచ్చేసేది. లోపల మెత్తని దిండ్లు, పంపవలసిన చిరునామా చీటీ, సకలం సిద్ధం. అమెరికా కుర్రకారు దానికి ముద్దుగా పెట్టుకున్న పేరు ‘శవపేటిక’. అంత చక్కని మర్యాదకు అంత కఠినమైన పేరేమిటని నాకు ఇప్పటికీ కినుకే. మనుషుల్లో ఎంతమందికి పాడె ఇంటి గుమ్మం దాకా ఉచితంగా నడిచొస్తుంది?

తిరిగివచ్చేది పంపిన పెట్టే అయి ఉండాలన్న నియమమూ లేదు. ఎవరి ఇంటనో మూడు దీపాలు వెలిగించి, చికిత్స పొంది, మెరుగులు దిద్దుకుని వచ్చిన మరో దేహం గుమ్మంలో నిలిచేది. ఇది నాది, అది నీది అనే మమకారాన్ని తుంచడంలో తమ సర్వీసు సెంటరు ఏ పీఠాధిపతికీ తీసిపోలేదు. తోడుగా నెల రోజుల ఆన్‌లైన్ సభ్యత్వపు కార్డొకటి పెట్టి పంపేవారు. పోగొట్టుకున్న వేసవి సెలవులకు అది తులతూగే పరిహారమని వేరే చెప్పాలా? డబ్బిచ్చి దించుకున్న ఆటలన్నీ పాత దేహానికే అంటిపెట్టుకుని, ఇంటర్నెట్టు లేనివేళ కొత్త దేహంలో నోరు విప్పేవి కావు. పూర్వజన్మ సంపద ఈ జన్మకు అక్కరకు రాదన్న వేదాంతం పద్నాలుగేళ్ల పిల్లవాడికి అంత తేటగా ఎవరు చెప్పగలరు? అర్హతలను కొత్త పెట్టెకు మార్చుకునే సదుపాయం 2008లో కల్పించి తమ వారే ఆ పాఠాన్ని కాస్త పలుచన చేశారు. చిన్న లోపమే, క్షమించవచ్చు.

పెట్టె వచ్చేదాకా ఆగలేని చంచలచిత్తులు గృహవైద్యానికి పూనుకున్నారు. జలుబు చేసిన పసివాడికి ముసుగు కప్పి ఆవిరి పట్టినట్టు, తమ ఒంటికి తువ్వాళ్లు చుట్టి, గాలి ఆడకుండా కాసేపు వెలిగించి ఉంచేవారు. వేడికి చెడిన యంత్రాన్ని ఇంకా వేడిచేసి బాగుచేయడం! విచిత్రమేమిటంటే, కొందరి ఇంట తమరు నిజంగానే కళ్లు తెరిచి ఒకటి రెండు పూటలు ఆడించి మరీ నిద్రపోయేవారు. ఆ రెండు పూటలకే ఉప్పొంగిపోయిన జనాన్ని చూస్తే తమ కటాక్షం విలువ ఎంతటిదో తెలుస్తుంది.

తెలుగునాట తమ వైభవానికి ఇంకొక మెరుగు అద్దినవారు అమెరికా నుంచి సూట్‌కేసుల్లో బట్టల మధ్య తమరిని పొదివి తెచ్చిన అన్నయ్యలు, మేనమామలు. అక్కడి పవర్ అడాప్టరు 110 వోల్టుల సుకుమారి గనుక, మన 230 వోల్టులకు జడిసి, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ తోడు లేనిదే కొలువు తీరేది కాదు. ఏ దేశంలో కొంటే ఆ దేశంలోనే వారంటీ. కూకట్‌పల్లిలో మూడు దీపాలు వెలిగితే చికిత్స అమెరికాలోనే. దేశభక్తి అంటే అదీ! వీసా అక్కర్లేని దారి వెతికినవారు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల వేడిగాలి తుపాకీ పట్టిన కుర్రవాడి ముందు కూర్చునేవారు. అతడు మూత విప్పగానే సీలు చిరిగి, ఉన్న కాస్త వారంటీ కూడా స్వర్గస్థమయ్యేది. ఒక స్టిక్కరు ముక్క మీద ఇంత బరువు మోపడం సబబు కాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కొన్ని కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. కాగితపు స్టిక్కరులోని మహిమను గుర్తించలేని అరసికులు అన్ని ప్రభుత్వాల్లోనూ ఉంటారు.

వ్యాధి మూలం ఏమిటన్న ప్రశ్నకు తమ వారు తొందరపడి జవాబివ్వలేదు. ఎక్స్‌బాక్స్ చరిత్ర మీద 2021లో వారే తీసిన డాక్యుమెంటరీలో, అప్పటి హార్డ్‌వేర్ పెద్ద టాడ్ హోమ్‌డాల్ గుట్టు విప్పారు: మాటిమాటికీ ఆన్ చేసి ఆఫ్ చేయడంతో కలిగే వేడి చలవల ఒత్తిడికి చిప్ లోపలి అతుకులు విరిగేవట. ఎంత సున్నితమైన నిజం! ఆటల పెట్టెను ఆన్ చేయడమనే దుర్వ్యసనానికి, ఆట అయ్యాక ఆఫ్ చేయడమనే పొదుపు బుద్ధికి జనం లొంగకుండా ఉంటే ఈ అపశ్రుతి దొర్లేదే కాదు. కొన్నది కొన్నట్టుగా అలమారలో పెట్టుకున్నవారి ఇంట తమరు నేటికీ నవయౌవనంతో ప్రకాశిస్తూ ఉంటారు.

2010లో తమ సన్నపాటి రూపం వెలువడింది. దాని వలయంలో ఎర్రదీపాలు అసలే లేవు. అనర్థానికి గుర్తుగా జనం నోళ్లలో నానిన ఎరుపు వలయం ఇక ఎన్నటికీ వెలగకుండా అంత శాశ్వతమైన చికిత్స జరిగింది. ఆపైన, పోయిన దీపాల మీద ప్రజలకు బెంగ పుట్టకుండా, ఆ ఎర్రని వలయాన్నే పోస్టరుగా అచ్చువేసి 24.99 డాలర్లకు 2021లో తమ వారే అమ్మకానికి పెట్టారు. పెట్టెకు ఒకసారి, ఆ పెట్టె చచ్చిన బొమ్మకు మరోసారి వెల చెల్లించే భాగ్యం కల్పించిన ఆ రసహృదయానికి నమోవాకాలు. గోడకు తగిలించినవారు ధన్యులు. ఆ దీపాలకు కరెంటు కూడా అక్కర్లేదు.