మన దగ్గర లేవా ఏంటి!

నిన్న ఒక నిశ్చితార్థం భోజనాల్లో మా తోడల్లుడుగారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "అంగ్‌కోర్ వాట్ చూసిన కళ్ళతో ఇక మన రామప్పని చూడలేమండీ" అన్నారు. పక్కవాళ్ళు ముద్ద ఆపి మరీ తలలూపారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఎందుకంటే మొన్నటికి మొన్న ఇదే మనిషి కంబోడియాలో, అదే అంగ్‌కోర్ వాట్ ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "మన రామప్ప ముందు ఇదెంత తమ్ముడూ?" అన్నారు.

తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. పొద్దున వాకింగులో అంగ్‌కోర్, సాయంత్రం అపార్ట్‌మెంట్ మీటింగులో అంగ్‌కోర్, లిఫ్టు ఆగిపోతే లిఫ్టులో అంగ్‌కోర్. అక్కడున్నన్నాళ్ళూ ఇక్కడిది గొప్ప, ఇక్కడికొచ్చాక అక్కడిది గొప్ప. ఆయన ఎక్కడుంటే అక్కడిది తప్ప ప్రపంచంలో అన్నీ గొప్పవే. ఎదురుగా ఉన్నదాన్ని చూసి నోరు మూసుకోవడం ఆయన జాతకంలో లేదు.

ఇలాంటి ప్రయాణాలు ఎలా కుదురుతాయో మీకు చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో గ్రూపు పుడుతుంది, అందరూ సై అంటారు, టికెట్లు కొనే రోజుకి సగం మందికి ఆడిట్లు, అత్తగార్లు అడ్డొస్తారు. మిగిలింది మా ఇంటి జనం, తోడల్లుడుగారి జనం, ఆయన వాకింగ్ స్నేహితుల కుటుంబాలు రెండు, మా మావగారు. బ్యాంకాక్‌లో విమానం మారి సియెం రీప్‌లో దిగాం. అక్కడి కొత్త విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్ల పైనే ఉంది. "మన శంషాబాద్ నయం" అని మా తోడల్లుడుగారు, నేను పిలిచే వరసలో అన్నయ్యగారు, బోణీ అక్కడే చేశారు.

ఇక ఆగితేనా! అంగ్‌కోర్ వాట్ చుట్టూ కందకం దాదాపు 190 మీటర్ల వెడల్పు. దాని మీది రాతి బాట దాటుతుంటే, "మన ఓరుగల్లు కోటకి లేదా ఏంటి కందకం?" అన్నారు. బయాన్ గుడిలో ఏ గోపురం వైపు చూసినా ఓ పెద్ద రాతి ముఖం కళ్ళు దించుకుని చిన్నగా నవ్వుతుంటుంది. "వీటన్నిటికీ మన లేపాక్షి బసవన్న ఒక్కడు చాలు" అన్నారు. తా ప్రోమ్‌లో గుడి కప్పుల మీద చెట్లు మొలిచి, మనిషి నడుమంత లావు వేళ్ళు గోడల మీదుగా నేలలోకి దిగాయి. "మన తిమ్మమ్మ మర్రిమాను చూడలేదా నువ్వు?" అన్నారు.

ఆ తా ప్రోమ్‌లో మరమ్మతులు ఏళ్ళ తరబడి చేసింది మన భారత పురావస్తు శాఖ. ఆ సంగతి చెప్పే బోర్డు కూడా అక్కడుంది. నేనే వెళ్ళి చూపించాను. "ఇదిగో అన్నయ్యగారూ, ఇది మాత్రం నిజంగానే మనవాళ్ళ పని." "అవునా" అని దాని ముందు నిలబడి ఫొటో దిగి, కొబ్బరిబొండాల వైపు వెళ్ళిపోయారు. మనది అని గట్టిగా చెప్పుకోదగ్గ ఒకే ఒక్క చోట ఆయన గొంతు లేవలేదు.

ఉండబట్టలేక అడిగాను. "అన్నయ్యగారూ, అసలు రామప్పకి మీరెప్పుడు వెళ్ళారు?"

"వెళ్ళేదేముంది తమ్ముడూ? మేడారం జాతరకి పోతూ బోర్డు చూశాం కదా."

రెండో సూర్యవర్మ అంగ్‌కోర్ వాట్ కట్టించింది 12వ శతాబ్దం మొదటి సగంలో. రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించింది 1213లో. ఆయనకి ఈయనెవరో తెలియదు, ఈయనకి ఆయన గుడి పోటీ కాదు. పోటీ పెట్టింది మా తోడల్లుడుగారే, తీర్పూ ఆయనదే. పోటీకి దిగిన గుళ్ళలో ఒకదాన్ని ఆయన చూడనేలేదు.

అన్నట్టు, ఇరవై డాలర్ల నోటు సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. కంబోడియాకి రియెల్ అని సొంత డబ్బుంది. డాలరుకి నాలుగు వేల పైచిలుకు రియెళ్ళు. అయినా సియెం రీప్‌లో బజారంతా డాలర్ల మీదే నడుస్తుంది. షరతు ఒక్కటే, నోటు పెళ్ళికొడుకులా ఉండాలి. అంచు కాస్త చిరిగినా ఎవరూ ముట్టుకోరు. మాకు హైదరాబాదులో డబ్బు మార్చి ఇచ్చిన పెద్దమనిషి ఈ ముక్క చెప్పలేదు. చెప్పకపోగా పై అంచున చిన్న చిరుగున్న నోటొకటి కట్టలో కలిపి ఇచ్చాడు.

సంగతి మామిడి ముక్కల బండి దగ్గర బయటపడింది. అమ్మాయి నోటు రెండు చేతులతో అందుకుంది, ఎండకి పెట్టి చూసింది, మళ్ళీ రెండు చేతులతోనే ఎంతో మర్యాదగా తిరిగిచ్చేసింది. అంతే, మావాళ్ళలో నిద్రపోతున్న విద్యలన్నీ లేచి కూర్చున్నాయి. చిరిగిన నోటు అంటగట్టడంలో మనకున్న అనుభవం ఇవాళ్టిదా? సిటీ బస్సు కండక్టర్ల మీద చేసిన సాధన. చిరుగు లోపలికి వచ్చేలా మడవాలి. రెండు మంచి నోట్ల మధ్య ఇరికించాలి. రద్దీలో ఇవ్వాలి, చీకట్లో ఇవ్వాలి, ఇచ్చాక వెనక్కి చూడకుండా నడవాలి.

అన్నీ ప్రయోగించారు. అన్నయ్యగారు రాత్రిపూట టుక్‌టుక్ అతని చేతిలో పెట్టి చకచకా నడిచారు. అతను సెల్‌ఫోన్ టార్చి వేసి చూసుకుని, హోటలు మెట్ల దాకా వెంటబడి తెచ్చిచ్చాడు. మా వదినగారు కాళ్ళు నొక్కించుకునే దుకాణంలో పని పూర్తయ్యాక తీశారు. నొక్కిన కాళ్ళని వెనక్కి తీసుకోలేరు కాబట్టి నోటు తీసుకోక తప్పదని ఆవిడ లెక్క. అక్కడి అమ్మాయిలు నవ్వు చెరగకుండానే తలుపు దగ్గర వరసగా నిలబడ్డారు. మాలో ఒకాయన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ఆయన కళ్ళజోడు పైకెత్తి, నోటుని ముక్కుకి ఆనించి పరీక్షించి, చిరుగుని సన్నటి టేపుతో అతికించారు. దాంతో అప్పటిదాకా చిరిగిన నోటనుకున్నవాళ్ళు దొంగనోటనుకోవడం మొదలుపెట్టారు. "మన దేశంలోనైతే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఏ బ్యాంకు శాఖలోనైనా చిరిగిన నోటు మార్చివ్వాల్సిందే" అని ఆయన వాపోయారు. "అదీ మన దగ్గర!" అని అన్నయ్యగారు తొడ చరిచారు. యాత్ర మొత్తంలో ఆయన మాటకి నేను మనస్ఫూర్తిగా తలూపింది అక్కడే.

చివరికి దేవుణ్ణి కూడా వదల్లేదు. అంగ్‌కోర్ వాట్ పడమటి గోపురంలో ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడి ఉంటాడు. ఇప్పుడు అక్కడ కొలిచేది బౌద్ధులు. కాషాయం కప్పుతారు, అగరొత్తులు వెలిగిస్తారు. అన్నయ్యగారు భక్తిగా కళ్ళు మూసుకుని నోటు హుండీ దాకా తీసుకెళ్ళారు. వదినగారు చెయ్యి పట్టి లాగేశారు. "మామిడికాయల పిల్ల వద్దన్న నోటు దేవుడికిస్తారా? అయినా ఇరవై వేస్తే చిల్లర ఎవరిస్తారు?"

నవ్వులాటకి చెప్పినా, ఈ నోటు మీద నా కడుపుమంట వేరే ఉంది. ఫ్నోం బాఖెంగ్ అని చిన్న కొండ, దాని మీద అంగ్‌కోర్ వాట్ కంటే పాత గుడి. సూర్యాస్తమయానికి ఒక్కసారికి 300 మందినే పైకి వదులుతారు. కొండ కింద కొబ్బరిబొండాల దగ్గర నోటు పంచాయతీ తెమిలేసరికి ఆ మూడొందల మందీ పైకెళ్ళిపోయారు. అంత దూరం పోయి, సూర్యుడు దిగుతున్నంతసేపూ మేం వరసలో ముందున్నవాళ్ళ వీపులు చూశాం. "మన సూర్యలంక బీచిలో కనపడడా ఏంటి సూర్యుడు?" అని ఓదార్చారు అన్నయ్యగారు. సూర్యలంక తూర్పు తీరం. అక్కడ సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు గానీ దిగడు. ఆ ముక్క చెప్పే ఓపిక కూడా నాకు లేకపోయింది. ఆఖరి రాత్రి లెక్కలు తేల్చినప్పుడు, "నీకు రావాల్సింది పద్దెనిమిది, ఇరవై ఉంచేసుకో తమ్ముడూ" అని ఉదారంగా ఆ నోటు నా చేతిలోనే పెట్టారు.

ఈ గోలంతటిలో ఒక్క మాటా మాట్లాడని మనిషి మా మావగారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సూర్యవర్మలు, జయవర్మలు ఆయనకి వరసలతో సహా కంఠతా వచ్చు. ఎంతమంది పిల్లలకి చెప్పారో ఆ పేర్లు. అంగ్‌కోర్ వాట్‌లో అన్నిటికంటే పై అంతస్తుకి నిటారు మెట్లున్నాయి. అసలు రాతి మెట్లు అరిగిపోతే వాటి మీద చెక్కమెట్లు, పట్టుకోవడానికి కమ్మీ పెట్టారు. ఆయన కింద నిలబడి, తల పూర్తిగా వెనక్కి వాల్చి పైదాకా చూశారు. ఒక చెయ్యి మోకాలి మీదకి దానంతటదే పోయింది. "మీరెళ్ళి రండి బాబూ. నేను తూర్పు వసారాలో కూర్చుంటా" అన్నారు.

మేం దిగొచ్చేసరికి క్షీరసాగర మథనం గోడ ముందున్నారు. 49 మీటర్ల పొడవున ఒకే శిల్పం. నడుమ విష్ణుమూర్తి, కింద కూర్మం, చిలికే చోట సుడికి తెగిపోయిన చేపలు. వాసుకిని ఒకవైపు అసురులు, ఇంకోవైపు దేవతలు లాగుతున్నారు. గైడు 92 మంది అసురులు, 88 మంది దేవతలు అని చెప్పాడట. ఈయన నమ్మకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి లెక్కపెట్టుకున్నారు. "నిజమే బాబూ. దేవతలు నలుగురు తక్కువ. అందుకే మోహిని దిగిరావాల్సొచ్చింది" అని పకపకా నవ్వారు.

రామప్ప గొప్పదా, ఇది గొప్పదా అని ఆయన్నే అడిగాను. బళ్ళో పిల్లల్ని బస్సులో వేసుకుని రామప్ప చూపించిన మనిషాయన. "అక్కడ గోపురం నీళ్ళలో తేలే ఇటుకలతో కట్టారు. ఇక్కడ పైదాకా రాయే. దేని పద్ధతి దానిది" అని మళ్ళీ గోడ వైపు తిరిగారు. మాలో రెండూ చూసింది ఆయనొక్కరే, పోలిక తేనిది కూడా ఆయనొక్కరే.

కాళ్ళున్న రోజుల్లో ఆయన జీతం ఇద్దరు కూతుళ్ళ చదువులకి, పెళ్ళిళ్ళకి సరిపోయింది. మేం టికెట్టు కొనిచ్చేనాటికి మోకాళ్ళు పోయాయి. మన ఇళ్ళలో చాలామంది పెద్దవాళ్ళది ఇదే వరస. ఒకప్పుడు డబ్బుండదు, తర్వాత సెలవుండదు, ఆ తర్వాత ఓపికుండదు. ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన గుడికి వచ్చి, ఆఖరి మెట్ల కింద ఆగిపోయినందుకు ఆయన ఒక్క మాటా అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

కాబట్టి నా మనవి ఇదీ. అంగ్‌కోర్ చూడాలని ఉంటే మోకాళ్ళు మాట వింటున్నప్పుడే వెళ్ళండి. 37 డాలర్ల ఒక్కరోజు టికెట్టు కాకుండా 62 డాలర్ల మూడు రోజులది కొనండి. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు కాబట్టి పెద్దవాళ్ళు మధ్యలో ఆగి కాళ్ళు చాపుకోవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోకపోతే పై అంతస్తుకి వదలరు. ఇక్కడ డాలర్లు తీసుకునేటప్పుడే ప్రతి నోటూ వెలుతురుకి పెట్టి చూసుకోండి.

అంత దూరం కుదరకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళని వచ్చే ఆదివారం రామప్పకి తీసుకెళ్ళండి. వరంగల్ దాటి ములుగు మీదుగా దారి. ఎక్కాల్సింది ఆరడుగుల అరుగు ఒక్కటే.