తుంటి నొప్పికి వినకూడని సలహాలు

మార్కాపురం పలకల గనుల్లో బరువులెత్తే కుర్రాడైనా, గిద్దలూరులో ఆటో నడిపే కుర్రాడైనా కుంటుతూ కనబడితే చాలు, తలా ఒక సలహా చెబుతారు. తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బులో (డాక్టర్లు ఏవీఎన్ అంటారు) ఆ సలహాలు వింటే కీలు పోతుంది.

1. "మన ఫ్లోరైడ్ నీళ్లకు అందరికీ ఉండే నొప్పులేలే."
ఈ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజమే. ఆ మాట చాటునే ఈ జబ్బు ముదిరిపోతుంది. గజ్జల్లో మొదలై మోకాలి దాకా పాకే నొప్పి, బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం ఉంటే తుంటిని చూపించుకోవాలి.

2. "ఎక్స్‌రే బాగుందిగా, ఇంకేం భయం?"
తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. చాలామందికి రెండు తుంటికీళ్లకూ వస్తుంది కాబట్టి నొప్పి లేని వైపు కూడా చూడమనాలి.

3. "ఒక సూది వేయించుకో, పొద్దునకల్లా తగ్గిపోద్ది."
ఆ సూదిలో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, మితిమీరిన మద్యం ఈ జబ్బుకు ముఖ్య కారణాలు. అయితే మరో జబ్బుకు డాక్టరు రాసిన స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేయకండి, అదీ ప్రమాదమే.

4. "కట్టు కట్టించుకో, అతుక్కుంటుంది."
ఇది ఎముక విరగడం కాదు. పైన ఎంత బిగించి కట్టినా లోపల ఆగిన రక్తం తిరిగి పారదు.

5. "కీలు మార్చడం తప్ప దారి లేదంట. నలభై దాటేదాకా ఓర్చుకో."
అన్నిటికన్నా చేటు చేసేది ఇదే. ఎముక తల ఇంకా కుంగకపోతే సొంత కీలును కాపాడే ఆపరేషన్లున్నాయి. తొడ పక్కన చిన్న కోత పెట్టి, చచ్చిన భాగం దాకా డ్రిల్లుతో రంధ్రం చేసి, లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. కొందరికి మూలుగ కణాలో, ఎముక ముక్కో అందులో పెడతారు. తర్వాత కొన్ని వారాలు చంకకర్రల మీదే నడవాలి. అందరికీ ఫలించదు. చచ్చిన భాగం ఎంత చిన్నదైతే ఆశ అంత ఎక్కువ. తల కుంగిపోయాక మాత్రం కీలు మార్పిడే మేలు కావచ్చు. కానీ పాతికేళ్లకే కృత్రిమ కీలు వేస్తే, అది అరిగి మళ్లీ మార్చాల్సి రావచ్చు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్ స్టేషన్లలో ఎక్కితే రైలు గుంటూరుకు చేరుస్తుంది. గుంటూరు, కర్నూలు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఎముకల విభాగాలున్నాయి. వెళ్లగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఎముక తల కుంగిందా, ఇంకా కుంగలేదా?" కుంగలేదంటే ఆ వారమే చికిత్స సంగతి తేల్చుకోండి.