ఐ7 ఉందా?

లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన 334 మిర్చి అంటే మన జిల్లాల్లో పసిపిల్లలకూ తెలుసు. గుంటూరు యార్డులో టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తే చాలు, రకమేదో, తేమెంతో, తాలు ఎంత కలిసిందో మనవాడు చెప్పేస్తాడు. ఘాటుకి తేజ, రంగుకి బాడిగ. పొరపాటున కూడా ఒకదాని ధరకి ఇంకోటి కొనడు.

ఇంతటి ఘనుడూ బ్రాడీపేటలో కంప్యూటర్ కొట్టు మెట్టెక్కగానే నంబర్లన్నీ మరిచిపోతాడు. “ఐ7 ఉందా?”

“అబ్బాయి ఏం చదువుతున్నాడు బాబాయ్?”

“చదువు సంగతి నీకెందుకబ్బాయ్! మా తోడల్లుడు ఐ5 కొన్నాడు.”

ఇక ప్రాసెసర్ ఎంపిక పూర్తయినట్టే. కొట్టువాడు లోపల్నుంచి ఓ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తెస్తాడు. ఐ7, అంతవరకు నిజమే. పూర్తి పేరు ఐ7-7500యూ. గీత తర్వాత వచ్చే 7 అంటే ఏడో తరం, 2016 నాటి సరుకు. లోపల కోర్లు రెండే. దానికి విండోస్ 11లో అధికారికంగా చోటు లేదు, విండోస్ 10కి చూస్తే మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14నే నీళ్లొదిలింది. పక్కనే పన్నెండో తరం ఐ3-1215యూ, ఆరు కోర్లు పెట్టుకుని ఈగలు తోలుకుంటోంది. ఐ3 అంటే చుట్టాల్లో పరువేముంటుంది! నిరుటి కాయకి ఈ ఏటి ధర చెబితే యార్డులో కొట్లాటే. ఇక్కడ ఏ కాలందో అడిగేవాడు లేడు.

ఏఎమ్‌డీ అనే పోటీ కంపెనీ కూడా తక్కువ తినలేదు. 2022లో వచ్చిన రైజెన్ 5 7520యూలో ముందున్న 7 చూసి మురిసిపోతాం. లోపలున్నది 2019లో మొదలైన జెన్ 2. ఆ గుట్టు మూడో అంకెలో ఉంది. ఏ అంకెకి ఏమిటర్థమో కంపెనీవాళ్లే చార్టు వేసి మరీ చెప్పారు. ఆ చార్టు మాత్రం ఏ కొట్టు గోడ మీదా కనబడదు.

డెస్క్‌టాప్ వాళ్లదింకో ముచ్చట. ఐ5-12400ఎఫ్ కాస్త చవగ్గా దొరుకుతుంది. సంబరంగా ఇంటికి తెచ్చి బిగిస్తే మానిటర్లో బొమ్మే రాదు. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. కార్డు విడిగా కొనాలి, మిగిలిందనుకున్న డబ్బు దానికి చాలదు.

కమిషన్ కొట్లో గుమస్తా ట్యాలీకి, జీఎస్టీకి, పట్టీలకి కొత్త తరం ఐ3 శుభ్రంగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ వేయిస్తే ఏళ్ల తరబడి నోరెత్తదు. కానీ సేటు గారి బల్ల మీద ఉండాల్సింది కనుక ఐ9 తెప్పిస్తారు. దాని మీద ఆయన యార్డు ధరల వాట్సాప్ చూసుకుంటారు.

నిజంగా కోర్లు కావాల్సినవాడు చిలకలూరిపేటలో పెళ్లి వీడియోలు కలిపే స్టూడియో కుర్రాడు. వాడికి అప్పు పుట్టలేదు. పాత ఐ3 మీదే రెండరింగ్ పెట్టి, పెళ్లికూతురి మెడలో తాళి పడేలోపు రెండు టీలు తాగొస్తున్నాడు. పెళ్లివారేమో వీడియో ఏదని ఇంటి మీదికొస్తున్నారు. మొన్న బారసాలకి కూడా వాణ్నే పిలిచారు, పెళ్లి క్యాసెట్ పట్టుకునే రమ్మని.